నల్లగా పండే గోరింటాకు లేదు సుమండీ!

ఆషాఢమాసం వచ్చిందంటే మా పక్కింటి వదినగారికీ నాకూ ఏటా ఒక తగువు ఖాయం. ఆవిడ బజారునుంచి వస్తూ వస్తూ అరడజను మెహందీ కోన్లు పట్టుకొస్తారు. మా గుమ్మంలో నిలబడి, "ఇదిగో, మీకూ ఒకటి. పది నిమిషాలు ఉంచుకుంటే చాలు, నల్లగా నిగనిగలాడుతూ పండుతుంది. ఇంకా ఆ ఆకు దూసుకురావడం, రుబ్బడం, రాత్రంతా చేతులు చాపుకు కూర్చోవడం ఈ రోజుల్లో ఎవరికి కుదురుతుందండీ!" అంటారు. నేను వద్దంటాను. ఆవిడ నొచ్చుకుంటారు.

"దీనిమీద నూటికి నూరుపాళ్ళూ సహజమైనది అని రాసుందండీ. కావాలంటే చూడండి, ఆకుల బొమ్మ కూడా వేశాడు" అని కోను నా ముక్కుదగ్గర పెడతారు.

చూశాను. ఆకుల బొమ్మ ఉన్నమాట నిజమే. నవనవలాడుతూ ఉంది కూడాను. ముక్కుదగ్గర పెట్టారు గనక వాసన కూడా చూశాను. ఆకు వాసన లేదు, పసరు వాసన లేదు. పెట్రోలు బంకులో నిలబడ్డట్టుంది. బొమ్మలో ఉన్న ఆకు కోనులోకి దిగినట్టు లేదు.

ఈ ఏడు ఆ తగువుని మా గుమ్మం దాటించి మీదాకా తీసుకొస్తున్నాను. నా వాదన ముందే చెప్పేస్తాను, తరువాత మీరే తీర్పు చెప్పండి. గోరింటాకు బొగ్గులా నల్లగా పండదు. పది నిమిషాల్లో పండదు. నూరిన ముద్ద నెలల తరబడి కొట్లో తీగకి వేలాడి, ఆ తరువాత పండదు. ఈ మూడింటిలో ఏ ఒక్కటి చేసినా, అది గోరింటాకు పేరు పెట్టుకు తిరుగుతున్న మరొకటి. దాని ముందు మన చెయ్యి చాపకూడదు. మన పిల్లల చెయ్యి అసలే చాపనివ్వకూడదు.

మా చిన్నప్పుడు ఈ వాదనే ఉండేది కాదు. ఆకు ఎక్కడినుంచి వచ్చిందో అందరికీ తెలుసు, దొడ్లో కంచె దగ్గరనుంచి. గోరింటాకు అనండి, గోరంటాకు అనండి, మైదాకు అనండి, ఏ ఊరి పేరుతో పిలిచినా ఒకటే చెట్టు. మధ్యాహ్నం భోజనాలయ్యాక పిల్లలం ఆకు దూసేవాళ్ళం. అమ్మమ్మ దాన్ని కడిగి, రోట్లో వేసి, కాస్త చింతపండూ ఒక వక్కముక్కా తగిలించి, వెన్నలా అయ్యేదాకా రుబ్బేది. మా చేతులకంటే ముందు రుబ్బిన ఆవిడ చెయ్యే పండేది. రాత్రి అరచేతిలో ఒక చందమామ, చుట్టూ చుక్కలు, వేళ్ళకి టోపీలు. అంతే డిజైను. ఆ తరువాత ముక్కు దురద పెడితే గోకిపెట్టడానికి అమ్మమ్మనే పిలవాలి. పొద్దున్న లేచేసరికి సగం ముద్ద దుప్పటికి, మిగతా సగం చేతికి. నీళ్ళు తగలనివ్వకుండా గీకేసి కొబ్బరినూనె రాసేది. చూసుకుంటే ఏముంది, నారింజపండు రంగు! "పండలేదు" అని ఏడుపు. "రేపు చూడవే" అనేది అమ్మమ్మ. మర్నాడు చూస్తే మందారం.

ఆవిడకి రసాయనశాస్త్రం తెలియదు గాని, ఆ "రేపు చూడవే" అన్నమాటలో శాస్త్రమంతా ఉంది. ఈ ఆకులో లాసోన్ అనే రంగు పదార్థం ఉంటుంది. ఎండిన ఆకులో నూటికి ఒకటి, రెండు పాళ్ళు, అంతే. ఆకు నలిగి తడిసి, పులుపు తగిలి, మెల్లిగా ఆ రంగు బయటికి రావాలి. వచ్చినది మన చర్మం పైపొరలోనూ, గోళ్ళలోనూ ఉండే కెరటిన్ అనే మాంసకృత్తుని పట్టుకోవాలి. దీనికి గంటలు పడుతుంది. ముద్ద తీసేశాక గాలి తగిలి ఆ నారింజరంగు ఒకటి రెండు రోజుల్లో ఎరుపెక్కుతుంది, ఇంకా ముదిరితే కాఫీగింజ రంగుకి వస్తుంది. అక్కడితో ఆగిపోతుంది. అరచేతిలో, అరికాల్లో చర్మం మందం గనక అక్కడ బాగా పండుతుంది. మోచేతివైపు వెళ్ళేకొద్దీ వెలవెలబోతుంది. వారం గడిచి, రెండు మూడు వారాలయ్యేసరికి, పైపొర దానంతటది రాలిపోతూ రంగునీ తీసుకుపోతుంది. ఇదీ దాని స్వభావం. మన తొందర చూసి స్వభావం మార్చుకునే చెట్టు ఇంతవరకు పుట్టలేదు.

మరి ఆ నలుపు ఎక్కడిది? తలకి వేసుకునే రంగుది. పారాఫినైలిన్ డయమైన్ అని నోరు తిరగని పేరు. పీపీడీ అని ముద్దుగా పిలుస్తారు. జుట్టుకి నల్లరంగు వేసే డబ్బాల్లో ఎక్కువభాగం దీనిమీదే బతుకుతున్నాయి. దాన్ని గోరింటాకు పొడిలో కలిపేస్తే, లేదా గోరింటాకు ఊసే లేకుండా ఏదో ముద్దలో కలిపేస్తే, గంటలో నల్లటి డిజైను తయారు. జుట్టుకి వాడేటప్పుడే దీన్ని ఇంతకంటే మించకూడదని యూరపు దేశాల్లో నూటికి రెండుపాళ్ళ హద్దు పెట్టారు. చర్మంమీద బొమ్మలకి అసలు ఒప్పుకోరు. పరీక్షించి చూసిన కొన్ని నల్ల మెహందీల్లోనేమో నూటికి పదిపాళ్ళు దాటి తేలింది. అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ అయితే దీన్ని ఒంటికి పూయడానికి అనుమతించనేలేదు. ఆ దేశంలోనే చర్మానికి పడని పదార్థాలమీద పనిచేసే వైద్యుల సంఘమొకటి ఏటా ఒక పదార్థానికి "ఈ ఏటి మేటి అలర్జీ" అని బిరుదిస్తుంది. 2006లో ఆ కిరీటం దీనికే దక్కింది.

మన దేశంలో మాత్రం తక్కువ తిన్నామా? పీపీడీ ఉన్న జుట్టు రంగు డబ్బామీద హెచ్చరిక అచ్చువేసి తీరాలని నిబంధన ఉంది. ముందు కాస్త రాసుకుని పరీక్షించుకోమనీ, కనుబొమ్మలకీ రెప్పలకీ వాడితే చూపు పోవచ్చనీ అందులో ఉండాలి. మీ ఇంట్లో డబ్బా ఉంటే తీసి చూడండి, చిన్న అక్షరాల్లో కనిపిస్తుంది. అంటే తలకి వేసుకునేటప్పుడు ఉన్న జాగ్రత్త, అదే సరుకు చేతికి వచ్చేసరికి ఆవిరైపోయింది. డబ్బా పోయి కోను వచ్చింది, హెచ్చరిక పోయి ఆకు బొమ్మ వచ్చింది.

ఇదంతా నేను పుస్తకాలు తిరగేసి నేర్చుకున్నది కాదు. మా ఇంట్లో జరిగాక తెలుసుకున్నది.

పన్నెండేళ్ళ కిందట మా అక్కయ్య కూతురి పెళ్ళి. పెళ్ళికి ముందురోజు సాయంత్రం మెహందీ. చక్కటి పిల్ల ఒకతి వచ్చింది, చెయ్యి యంత్రంలా నడుస్తోంది. ఆ పిల్ల దగ్గర రెండురకాల కోన్లున్నాయి. ఒకటి గోధుమరంగు, లోపల నింపడానికి. రెండోది కాటుకలాంటిది, అంచులు గీయడానికి. "ఆ నల్లది ఎందుకమ్మా?" అని అడిగాను. "ఫొటోలో తేలుతుందండీ, ఇప్పుడందరూ ఇదే అడుగుతున్నారు" అంది. నేను ఊరుకున్నాను. పెళ్ళివారింట్లో పేచీ ఎందుకని ఊరుకున్నాను. ఆ ఊరుకున్నందుకే ఇప్పుడు ఇంత మాట్లాడుతున్నాను.

పెళ్ళి అయింది. ఫొటోలు తేలాయి. వారం తిరిగేసరికి పిల్లకి చేతులు దురద. అప్పగింతల బెంగలో, కొత్తింటి హడావుడిలో దురదని ఎవరు పట్టించుకుంటారు? తరువాత నీటిపొక్కులు లేచాయి. ఎక్కడపడితే అక్కడ కాదు, ఎక్కడ నల్లగీత ఉందో సరిగ్గా అక్కడే. తీగ తీగలాగే, పువ్వు పువ్వులాగే, నెమలి నెమలిలాగే ఉబ్బి కూర్చుంది. గోధుమరంగు నింపిన చోట ఏమీ లేదు. పదహారు రోజుల పండుగకి మేం వెళ్ళేసరికి రెండు చేతులకీ గుడ్డలు చుట్టుకు కూర్చుంది పిల్ల. వాళ్ళ అత్తగారు పాపం మంచావిడే, "దిష్టి తగిలిందండీ" అని ఉప్పూ మిరపకాయలూ తిప్పి పోశారు. డాక్టరు దిష్టి అనలేదు. పూతమందు రాసిచ్చి, మాత్రలిచ్చి, "నల్ల మెహందీయా?" అన్నాడు. పొక్కులు తగ్గాయి. తగ్గినచోట ఆ తీగ తెల్లటి మచ్చగా చాలా నెలలు ఉంది.

కథ అక్కడితో అయిపోయిందనుకున్నాం. మొన్న చలికాలంలో పిల్లకి చెంపలదగ్గర నాలుగు వెంట్రుకలు నెరిశాయి. ముప్ఫయ్యారేళ్ళు, తప్పేముంది. అందరిలాగే ఒక డబ్బా కొనుక్కుని రంగు వేసుకుంది. మర్నాటికి నుదురూ చెవులూ ఉబ్బాయి. ఆ మర్నాటికి కళ్ళు మూసుకుపోయాయి. ఆస్పత్రిలో చేర్చాల్సివచ్చింది. అక్కడి డాక్టరమ్మ అడిగిన మొదటి ప్రశ్న ఏ రంగు వేసుకున్నావని కాదు. "ఎప్పుడైనా చేతికి నల్ల మెహందీ పెట్టుకున్నావా అమ్మా?" అని. మా అక్కయ్య తెల్లబోయింది. పిల్ల ఆ సంగతి ఎప్పుడో మరిచిపోయింది. ఒళ్ళు మరిచిపోలేదు.

ఈ పదార్థం చేసే అసలు అన్యాయం ఇదీ. ఒకసారి శరీరం దీన్ని శత్రువని గుర్తుపెట్టుకుందంటే ఇక జీవితాంతం ఆ పగ పోదు. మొదటిసారి గుర్తుపెట్టుకోవడానికి వారం, రెండు వారాలు తీసుకుంటుంది. మళ్ళీ కనిపిస్తే మాత్రం ఒకటి రెండు రోజుల్లోనే విరుచుకుపడుతుంది. దీని దాయాదులన్నా పడదు. జుట్టు రంగులు, కొన్ని బట్టల రంగులు, రబ్బరులో కలిపే కొన్ని పదార్థాలు, నొప్పి తెలియకుండా పూసే మత్తుమందుల్లో కొన్ని, వీటిలో ఎవరిమీదైనా కోపం రావచ్చు. మా పిల్ల ఇప్పుడు పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళినా ముందు ఈ సంగతి చెప్పుకోవాలి. ఒక సాయంత్రం ఫొటోలో అంచులు తేలడానికి ఇచ్చుకున్న మూల్యం ఇది.

ఇక నా ఎదుటిపక్షంవారు చెప్పే మాటలు వినండి. మొదటిది: "మేం పదిసార్లు పెట్టుకున్నాం, మాకేం కాలేదు." కాకపోవచ్చు. అందరికీ కాదు. కాని పదిసార్లు ఏమీ కాకపోవడం పదకొండోసారికి పూచీ కాదు. పదే పదే పూస్తున్నకొద్దీ శరీరానికి దాన్ని గుర్తుపెట్టుకునే అవకాశం మనమే ఇస్తున్నాం. తెగేదాకా తాడు గట్టిదనే అనిపిస్తుంది.

రెండోది: "సహజమైనదని రాశారుగా." రాయడానికి ఖర్చేముందండీ, సిరాయేగా. ఆ మాటకొస్తే దురదగొండి కూడా నూటికి నూరుపాళ్ళూ సహజమే. జిల్లేడుపాలూ సహజమే. ఆ మాట చూసి కాదు, లోపల ఏముందో చూసి చెయ్యి చాపాలి. నల్లవే కాదు, కొట్లో ఎర్రటి రంగు తొందరగా తెప్పిస్తామనే కోన్లలో కూడా సోడియం పిక్రమేట్ లాంటి రంగులు దొరుకుతున్నాయి. అదీ జుట్టు రంగుల కుటుంబంలోదే. ఇంకా ఘాటుగా ఉండాలని కిరసనాయిలో, పెట్రోలో కలిపేవాళ్ళూ లేకపోలేదు. వంటింట్లో స్టవ్వుకి ఎంత దూరంలో పెట్టాలా అని మనం ఆలోచించే సరుకు చంటిదాని చేతికి పూస్తున్నామన్నమాట.

మూడోది అన్నిటికంటే గట్టిది: "బాగా పండకపోతే నలుగురూ నవ్వుతారు." దీని దగ్గర నాకు నిజంగా కోపం వస్తుంది. ఎర్రగా పండితే మంచి మొగుడొస్తాడని పెళ్ళికానిదానికి చెబుతాం. పెళ్ళయినదానికి మొగుడి ప్రేమ కొలిచి చూపిస్తుందంటాం. సరదాకి అన్నమాటే, కాదనను. కాని పెళ్ళికూతురి చెయ్యి లాగి చూసి, "అయ్యో, సరిగా పండలేదేమిటే" అని మూతి తిప్పిన మేనత్త నవ్వులో సరదా ఎంతుందో ఆ పిల్లని అడగండి. ఆ ఒక్క మూతివిరుపు భయానికే కదా పిల్లలు నల్లకోనుకి చెయ్యి చాపుతున్నారు! ఈ సరుకు అమ్మేవాడు అమ్ముతున్నది రంగు కాదు, మనం పిల్లల్లో పెట్టిన ఆ భయం.

మా ఇంట్లో సాక్ష్యమే చెబుతాను. మా పిన్ని చేతికి పండినంత బాగా ఎవరికీ పండేది కాదు. నలభయ్యేళ్ళ కాపురంలో మా బాబాయి ఆవిడని "తిన్నావా?" అని అడిగిన పాపాన పోలేదు. మా అమ్మమ్మకేమో లేత నారింజ దాటేది కాదు. మా తాతయ్య తెల్లవారుజామునే లేచి ఆవిడకి కాఫీ కలిపి ఇచ్చేవాడు. అసలు కారణం ఏమిటంటే, చర్మం మందంగా ఉన్న చేతికి, వెచ్చగా ఉన్న చేతికి, ఎక్కువసేపు ఉంచుకున్న చేతికి బాగా పండుతుంది. అంట్లు తోమి, బట్టలుతికి, పిండి రుబ్బి కాయలు కాచిన అరచేతిలో రంగు బాగా నిలుస్తుంది. మా పిన్ని చేతి ఎరుపు మొగుడి ప్రేమని చెప్పలేదు. ఆవిడ చాకిరీని చెప్పింది. అది చదవడం మనకెవరికీ రాలేదు.

సరే, తిట్టాల్సినవి తిట్టాను. పెట్టుకోవద్దని నేను అనడంలేదు. నాకు ప్రాణం. కాని పెట్టుకోబోయేముందు, కోను పట్టుకున్న అమ్మాయిని నాలుగు ప్రశ్నలు అడగండి. మొహమాటపడకండి. చీర కొనేటప్పుడు అంచు తిరగేసి చూస్తామా లేదా?

ఇందులో ఏం కలిపావమ్మా అని అడగండి. ఆకు పొడి, నిమ్మరసం, కాస్త పంచదార, నీలగిరి తైలమో లవంగ నూనో అంటే సరే. "మా కంపెనీ రహస్యమండీ" అంటే మీ చెయ్యి వెనక్కి తీసుకోండి. ఎప్పుడు కలిపావని అడగండి. నిన్న కలిపాననో, కలిపి ఫ్రిజ్‌లో గడ్డకట్టించాననో అంటే ఆ పిల్లకి పని తెలుసు. ఎందుకంటే నిజమైన ముద్ద పెరుగులాంటిది. బయట ఉంచితే నాలుగైదు రోజుల్లో సత్తువ పోతుంది. కొట్లో ఎండకి నెలలు వేలాడిన కోను ఇంకా గబగబా రంగిస్తోందంటే ఆ రంగు ఆకుది కాదు. ఎంతసేపు ఉంచాలని అడగండి. నాలుగైదు గంటలైనా ఉంచండి, రాత్రంతా అయితే మరీ మంచిది అనాలి. అరగంట చాలంటే లేచి రండి. చివరికి, ఏ రంగు వస్తుందని అడగండి. ముందు నారింజ, ఎల్లుండికి ఎరుపు అనాలి. నలుపు అంటే చెప్పులేసుకోండి.

కళ్ళూ ముక్కూ కూడా సాక్ష్యం చెబుతాయి. మంచి ముద్ద ఆకుపచ్చగానో, పచ్చదనం కలిసిన గోధుమరంగులోనో ఉంటుంది. ఎండుగడ్డి, పసరు వాసన వేస్తుంది. కాటుకలా ఉన్నా, కిరసనాయిలు కంపు కొట్టినా వద్దు. కోనుమీద తయారుచేసినవారి పేరూ చిరునామా, లైసెన్సు నెంబరు, తేదీ లేకపోతే ఎంత అందమైన బొమ్మ ఉన్నా కొట్లోనే ఉంచేయండి. "కాస్త రాసి చూస్తే పోలా" అంటారేమో, నల్లదాన్ని పరీక్షకి కూడా రాసుకోకండి. ఆ కాస్తే శరీరానికి గుర్తుండిపోవచ్చు. మంచి గోరింటాకు కూడా అరుదుగా ఎవరికైనా పడకపోవచ్చు గనక, కొత్తవాళ్ళు రెండురోజుల ముందు మణికట్టు లోపలివైపు ఒక చుక్క పెట్టి చూసుకోవడం మంచిది.

ముహూర్తం ఎల్లుండైతే ఇవాళే పెట్టుకోవాలి, రేపు సాయంత్రం కాదు. ముందురోజు రాత్రి పెట్టుకుని, పొద్దున్నకి నల్లబడలేదని ఏడ్చేవాళ్ళవల్లే సగం నల్లకోన్లు అమ్ముడుపోతున్నాయి. తీసేటప్పుడు గీకేయండి, కడగకండి. ఆ పూటకి నీళ్ళలో చెయ్యి పెట్టకండి. ఒక పూట అంట్లు మొగుడు తోమితే, అదిగో, అప్పుడు ప్రేమ లెక్క తేలుతుంది.

ఇంకొక్క మాట. పసిబిడ్డల చేతులకీ పాదాలకీ మందంగా పట్టించకండి, నిజమైన ఆకైనా సరే. కొందరు పిల్లలకి పుట్టుకతోనే జీ6పీడీ అనే ఎంజైము తక్కువగా ఉంటుంది. మగపిల్లల్లో ఎక్కువగా కనిపించే లోపం ఇది. చూస్తే తెలియదు. అలాంటి బిడ్డకి గోరింటాకు ఒంటిలోకి ఇంకితే రక్తకణాలు చితికిపోయి, కామెర్లు ముదిరిన సందర్భాలు వైద్యుల లెక్కల్లో ఉన్నాయి. బారసాల ముచ్చట్లు బొట్టుతో, కాటుకచుక్కతో తీర్చుకుందాం.

ఇలా అన్నానని ఆ కోను పట్టుకునే ఆడపిల్లలమీద నాకు కోపమనుకునేరు. లేదు. లాడ్ బజారులో రంజాను రాత్రి స్టూలు వేసుకు కూర్చున్న పిల్లయినా, మన పెళ్ళిళ్ళకి వచ్చే పిల్లయినా నడుము పడిపోయేలా వంగి సంపాదించుకునే అన్నం అది. అంతసేపు ఆ ముద్దలో వేళ్ళు పెట్టేది వాళ్ళే గనక, మనకంటే ముందు దెబ్బతినేదీ వాళ్ళే. వాళ్ళు నల్లది తెచ్చేది మనం అడిగాం గనక. మనం అడగడం మానేస్తే వాళ్ళు తేవడం మానేస్తారు. ఇంట్లో కలిపిన ముద్దకి శ్రమ ఎక్కువ, ఖర్చు ఎక్కువ. అడిగిన నాలుగు రూపాయలూ బేరమాడకుండా ఇవ్వండి. పెళ్ళిలో ఒక స్వీటు తగ్గిస్తే సరిపోతుంది.

దొడ్డి లేదు, చెట్టు లేదు అంటారా? నాకూ లేదు, మూడో అంతస్తులో ఉంటున్నాను. కుండీలో ఒక కొమ్మ గుచ్చాను, బతికింది. ఏడాదికి ఒకసారి మా ముగ్గురికీ సరిపడా ఆకిస్తుంది. అదీ కుదరకపోతే మంచి పొడి కొనుక్కోండి. రాజస్థాన్‌లో పాలీ జిల్లా సోజత్ ఊరు ఈ పంటకి పెట్టింది పేరు. 2021లో సోజత్ మెహందీకి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. పొడి కొనేటప్పుడు చేతికి వాడేదేనా అని అడిగి, పచ్చగా ఉన్నది తీసుకోండి. జుట్టుకని అమ్మే నల్ల మెహందీ పొడి మాత్రం పొరపాటున కూడా చేతికి తగిలించకండి.

ఈ ఏడు మా వదినగారు కోన్లతో వచ్చినప్పుడు నేను వాదించలేదు. "రాత్రికి మా ఇంటికి రండి, నేనే పెడతాను" అన్నాను. గొణుక్కుంటూనే వచ్చారు. అరచేతిలో చందమామ పెట్టి, వేళ్ళకి టోపీలు తొడిగాను. "ఇదేం డిజైనండీ, మా బామ్మకాలం నాటిది" అన్నారు. ముక్కు దురద పెడితే నన్నే గోకమన్నారు. పొద్దున్నే చేతులు చాపుకుని తలుపు కొట్టారు. "చూశారా, నారింజ! నేను చెప్పలేదూ?"

"రేపు చూడండి" అన్నాను.

మర్నాడు సాయంత్రం బట్టలు ఆరేస్తున్నాను. అటు బాల్కనీలోంచి ఆవిడ ఏమీ మాట్లాడకుండా చెయ్యి మాత్రం ఇటు చాపి చూపించారు. ఓడిపోయానని ఆవిడ అనరు, నాకు తెలుసు. వచ్చే ఆషాఢంలోనూ మాకు తగువు ఖాయమే. కాకపోతే ఈసారి తగువు, ఆ కుండీలో ఆకు ఎవరు ముందు దూసుకోవాలన్నదాని మీద.